తెల్ల చుక్కలు వాటంతట అవే పోయాయంటే చేపకు నయమైనట్టేనా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. 300 లీటర్ల రీఫ్ ట్యాంక్, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టి. రెండు క్లౌన్ ఫిష్‌లు, ఒక రాయల్ గ్రామా, కొన్ని పగడాలు, నత్తలు, రొయ్యలు. మూడు వారాల కిందట ఒక పౌడర్ బ్లూ టాంగ్‌ను తెచ్చి నేరుగా ట్యాంక్‌లో వదిలారు. వారం తిరక్కుండానే దాని రెక్కల మీద తెల్ల చుక్కలు వచ్చాయి, నాలుగు రోజుల్లో వాటంతట అవే పోయాయి. గండం గడిచిందనుకున్నారు. ఇప్పుడు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువగా తిరిగొచ్చాయి, ఈసారి క్లౌన్‌ల మీద కూడా. ఒకరు మేతలో వెల్లుల్లి కలపమన్నారు, ఒకరు చేపల ఒంటిని శుభ్రం చేసే క్లీనర్ రొయ్యను వేయమన్నారు, ఇంకొకరు ట్యాంక్‌లోనే కాపర్ (రాగి మందు) పోయమన్నారు. వీటిలో ఏది చేయాలి?

మూడూ వద్దు. పెద్ద ట్యాంక్‌లో ఏ మందూ పోయకండి. చేపలన్నిటినీ, చుక్కలు లేని గ్రామాతో సహా, వేరే తొట్టిలోకి మార్చి అక్కడ వైద్యం చేయండి. పెద్ద ట్యాంక్‌ను 76 రోజుల పాటు ఒక్క చేప కూడా లేకుండా ఉంచండి. పగడాలు, నత్తలు, రొయ్యలు, రాళ్లు అన్నీ ఉన్నచోటే ఉండొచ్చు.

రెండున్నర నెలల ఖాళీ ట్యాంక్ అంటే మనసుకు కష్టంగా ఉంటుందని తెలుసు. పదహారేళ్లుగా ఉప్పునీటి చేపలు పెంచుతున్నాను, అందులో మొదటి మూడేళ్లు నేనూ దగ్గరి దారుల కోసమే వెతికాను. ఆ దారుల్లో ఏదీ ఈ జబ్బును ట్యాంక్‌లోంచి పూర్తిగా పంపడం నేను చూడలేదు.

ఎందుకో చెప్తాను, ఎందుకంటే ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతా నిర్ణయాలన్నీ మీరే తీసుకోగలరు. మీరు చెప్పిన లక్షణాలు మెరైన్ ఇక్‌వి, అంటే ఉప్పునీటి చేపలకు వచ్చే తెల్ల చుక్కల జబ్బువి. దాన్ని కలిగించే పరాన్నజీవి పేరు క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్. 1951లో బ్రౌన్ అనే శాస్త్రవేత్త ఆ పేరు పెట్టారు. మంచినీటి చేపలకు వచ్చే ఇక్‌కూ దీనికీ చుక్కల్లో పోలిక తప్ప దగ్గరి చుట్టరికం లేదు. అందుకే అక్కడ పనిచేసే వేడి పెంచే చిట్కా ఇక్కడ పనిచేయదు. పైగా నీరు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, అప్పటికే మొప్పలు దెబ్బతిన్న చేపకు అది ఇంకో దెబ్బ.

మీకు కనిపిస్తున్న చుక్క చేప ఒంటి పైన అంటుకున్నది కాదు. పరాన్నజీవి చర్మం పై పొర కిందికి దూరి, అక్కడి కణాలను తింటూ లావెక్కితే ఆ చోట చర్మం ఉప్పు రేణువులా ఉబ్బుతుంది. చేప చర్మమే దానికి దుప్పటి, అందుకని ఈ దశలో నీళ్లలో పోసిన మందు దాన్ని తాకదు. మూడు నుంచి ఏడు రోజులు అలా తిని, కడుపు నిండాక చేపను వదిలి కిందికి జారుతుంది. మీ టాంగ్ ఒంటి మీంచి చుక్కలు మాయమైన రోజు జరిగింది ఇదే. నయం కాలేదు, అవి దిగిపోయాయి.

కిందికి దిగింది కొన్ని గంటలు ఇసుక మీదో రాతి మీదో పాకి, ఒక చోట గట్టి పెంకు కట్టుకుని కూర్చుంటుంది. ఆ పెంకు లోపల విడిపోతూ ఒక్కటి వందలవుతుంది. చాలా వరకు మూడు నుంచి ఇరవై ఎనిమిది రోజుల్లో పగిలి పిల్లలు బయటికి వస్తాయి. అన్నీ ఒకేసారి పగలవు, అదే అసలు చిక్కు. ఒకటి నాలుగో రోజున, దాని పక్కది ఇరవయ్యో రోజున పగలొచ్చు. 72 రోజుల తర్వాత కూడా పిల్లలు వచ్చిన సందర్భం పరిశోధనల్లో నమోదైంది. నేను చెప్పిన 76 లెక్క అక్కడినుంచే వచ్చింది. నీటిని 27 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంచితే 45 రోజులు చాలని ఇప్పుడు చాలామంది అంటున్నారు, అలా చేసి బయటపడ్డవాళ్లూ ఉన్నారు. నేను మాత్రం 76కే కట్టుబడతాను. ఒక నెల ఆదా కోసం మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టే ఓపిక నాకు లేదు.

పెంకు పగిలి ఈదుతూ వచ్చిన పిల్లకు చేప దొరికి తీరాలి. మొదటి కొన్ని గంటలు దాటితే చేపను పట్టే సత్తువ తగ్గిపోతుంది, ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది. పగడం, నత్త, రొయ్య దానికి ఆహారం కావు. చేప లేని ట్యాంక్‌లో అది తనంతట తానే అంతరించిపోయేది అందుకే. ఇంకొకటి గమనించండి: ఈ పిల్లలు ఎక్కువగా చీకట్లోనే, తెల్లవారే ముందు వేళల్లో బయటికి వస్తాయి. అప్పుడు మీ చేపలు రాళ్ల సందుల్లో, ఇసుకకు దగ్గరగా కదలకుండా నిద్రపోతుంటాయి. మొదటి విడత పది చుక్కలు రెండో విడతకు లెక్కపెట్టలేనన్ని కావడంలో ఆశ్చర్యం లేదు.

నా మొదటి ట్యాంక్‌లో ఒక యెల్లో టాంగ్ ఉండేది. చుక్కలు వచ్చాయి, పోయాయి. మళ్లీ వచ్చాయి, పోయాయి. మూడోసారి ఒంటి మీద ఏమీ రాలేదు కాబట్టి దానికి అలవాటైందనుకున్నాను. కాకపోతే పైకొచ్చి పంపు దగ్గర నిలబడేది, మేత వేస్తే ఆలస్యంగా కదిలేది. ఒక ఉదయం రాతికి ఆనుకుని చచ్చిపోయి ఉంది. ఒంటి మీద ఒక్క చుక్క లేదు, పసుపు రంగు కూడా తగ్గలేదు. మొప్ప మూత ఎత్తి చూశాను. ఎర్రగా, దువ్వెన పళ్లలా విడివిడిగా ఉండాల్సిన రేకులు పాలిపోయి, తెల్లటి జిగురుతో ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. పరాన్నజీవి అంతా మొప్పల్లోనే ఉంది. అప్పటినుంచి నేను చుక్కలను లెక్కపెట్టడం మానేశాను, ఊపిరిని లెక్కపెడతాను. ఆ చేప మామూలుగా నిమిషానికి ఎన్నిసార్లు మొప్పలు ఆడిస్తుందో ఆరోగ్యంగా ఉన్నప్పుడే లెక్కపెట్టి రాసి పెట్టుకోండి. తర్వాత పోల్చుకోవడానికి అదే కొలత.

తొట్టి సిద్ధం చేసేలోపు ఇది నిజంగా ఇక్ అవునో కాదో ఒకసారి తేల్చుకోండి. ట్యాంక్ లైట్లు ఆర్పి, ఒక తెల్ల టార్చ్‌ను చేపకు పక్కనుంచి వేసి చూడండి. ఎదురుగా వేస్తే ఏమీ తెలియదు. ఉప్పు చల్లినట్టు విడివిడిగా, లెక్కపెట్టగలిగేలా గింజలుంటే ఇక్. పిండి దులిపినట్టు సన్నగా, ఒళ్లంతా మబ్బు పట్టినట్టుంటే వెల్వెట్, అంటే అమైలూడినియం అనే వేరే పరాన్నజీవి. వెల్వెట్ పట్టిన చేప వెలుతురుకు దూరంగా పోతుంది, పంపు నీటి ధారకు ఎదురుగా నిలబడి ఆయాసపడుతుంది, తినడం మానేస్తుంది. దానికి వారాల గడువు ఉండదు, రెండు మూడు రోజుల్లో ట్యాంక్ మొత్తం ఖాళీ అవుతుంది. క్లౌన్ ఒంటి మీంచి జిగురు పొరలు పొరలుగా ఊడుతుంటే అది బ్రూక్లినెల్లా అనే ఇంకో పరాన్నజీవి. దానికి కాపర్ పనిచేయదు, ఫార్మలిన్ కావాలి. ఫార్మలిన్ మనుషులకు కూడా ప్రమాదమే కాబట్టి చేతి తొడుగులు లేకుండా, గాలి ఆడని గదిలో ఆ సీసా మూత తీయవద్దు. గడ్డలా పెద్దగా, వారాల తరబడి ఒకే చోట కదలకుండా ఉన్న తెల్ల బుడిపె అయితే అది లింఫోసిస్టిస్ అనే వైరస్ పని. దానికి మందు లేదు, చాలాసార్లు దానంతట అదే తగ్గుతుంది.

చేప రాళ్లకు రుద్దుకుంటూ, కన్ను మసకబారి ఉంటే ఫ్లూక్స్ (ఒంటికి, మొప్పలకు అంటుకునే చదునైన పురుగులు) అని అనుమానించాలి. దీనికి మంచినీటి స్నానం మంచి పరీక్ష. ఆర్ఓ నీటిని ట్యాంక్ వేడికీ, పీహెచ్‌కీ సరిపోయేలా చేసి, ముందుగా బాగా గాలి కొట్టించి, నల్లటి టబ్బులో పోసి చేపను మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచాలి. ఫ్లూక్స్ ఉంటే ఆ నీళ్లలో తెల్లబడి రాలిపోతాయి. నల్లటి అడుగు మీద సగం నువ్వుగింజంత తెల్ల రేకులు పడి ఉండటం కంటికే కనిపిస్తుంది. అప్పుడు ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మందును లీటరుకు 2.5 మిల్లీగ్రాముల చొప్పున వేసి, గుడ్లు పొదిగి వచ్చేవాటి కోసం వారం తర్వాత మళ్లీ వేస్తాం. ఆ స్నానం ఇక్‌ను నయం చేయదు. వెల్వెట్‌కు కాస్త ఊరట మాత్రం ఇస్తుంది.

ఇక అసలు వైద్యం. మీకున్నవి నాలుగే చేపలు. ఇక్ అని ఖాయమైతే నేను మందు ముట్టుకోకుండా ట్యాంక్ మార్పిడి పద్ధతి చేస్తాను. నలభై యాభై లీటర్ల టబ్బులు రెండు, రెండేసి సెట్లు ఎయిర్ స్టోన్, హీటర్, చేపలు దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు చాలు. ఇసుక, రాళ్లు ఉండకూడదు. చేపలను మొదటి టబ్బులో వేసి, 72 గంటలు నిండకముందే రెండో టబ్బుకు మార్చాలి. మొదటి టబ్బును, అందులోని ప్రతి వస్తువును బ్లీచ్‌తో కడిగి, బాగా తొలిపి, ఎముకలా ఎండబెట్టాలి. మళ్లీ మూడు రోజులకు దాంట్లోకి. ఇలా నాలుగు మార్పిళ్లు, మొత్తం పన్నెండు పదమూడు రోజులు. దీని వెనకున్న లెక్క చాలా చిన్నది: చేప మీంచి దిగినవి పెంకు కట్టుకుని పిల్లలు పెట్టడానికి కనీసం మూడు రోజులు పడుతుంది, ఆలోగా మనం చేపను అక్కణ్నుంచి తప్పించేస్తున్నాం. చేప ఒంటి మీద ఉన్నవి ఏడు రోజుల్లో ఎలాగూ దిగిపోతాయి. మళ్లీ ఎక్కడానికి పిల్లలే ఉండవు.

ఈ పద్ధతిలో గంటలు లెక్క. "రాత్రి కుదరలేదు, పొద్దున మారుస్తాను" అనుకుంటే చేసిందంతా నీళ్లపాలే. వలను, చేతులను కూడా మర్చిపోవద్దు. నేను చేపలను వలతో కాకుండా చిల్లుల గిన్నెతో ఎత్తుతాను, నీళ్లు కారిపోయాక కొత్త టబ్బులో వదులుతాను. కొత్త టబ్బు ఉప్పు, వేడి పాతదానితో సమానంగా ఉండాలి. ఈ పద్ధతి వెల్వెట్‌కు పనికిరాదు, దాని పిల్లలు ఇంతకంటే త్వరగా బయటికి వస్తాయి.

వెల్వెట్ అని అనుమానం ఉన్నా, ఏదో తేల్చుకోలేకపోయినా కాపర్‌కే వెళ్లండి. కాపర్ కూడా ఈదే దశలో ఉన్న పిల్లలనే చంపుతుంది, చర్మం కింద ఉన్నదాన్నీ పెంకులో ఉన్నదాన్నీ కాదు. అందుకే మోతాదు నెల రోజులు తెగకుండా నిలబడాలి. మధ్యలో ఒక్కరోజు తగ్గినా మళ్లీ ఒకటో రోజునుంచి లెక్క మొదలుపెట్టాలి. ఇక్కడ చేపలను ఎక్కువగా చంపే పొరపాటు ఒకటుంది. కాపర్ మందులు రెండు రకాలు. అయానిక్ కాపర్ (నీళ్లలో విడిగా ఉండే రాగి) అయితే 0.15 నుంచి 0.25 పీపీఎం, అంటే లీటరుకు అన్ని మిల్లీగ్రాములు. కీలేటెడ్ కాపర్ (వేరే పదార్థంతో కట్టి ఉంచిన రాగి) అయితే చాలా మందులకు 2 నుంచి 2.5 పీపీఎం. దాదాపు పది రెట్ల తేడా! నా మిత్రుడొకరు అయానిక్ సీసా కొని, కీలేటెడ్ మోతాదు చదివి పోశారు. సాయంత్రానికి ఆరు చేపలు పోయాయి. మందు సీసా మీద ఏ రకమో చదవకుండా ఎవరి మాటా, నా మాట కూడా, పట్టుకుని పోయవద్దు. కొలవడానికి ఆ రకాన్ని చదవగల డిజిటల్ చెకర్ వాడండి. రంగు చూసి పోల్చే కిట్‌లో ఈ తేడాలు కంటికి అందవు.

మోతాదును ఒక్కసారిగా కాకుండా రెండు రోజుల్లో మెల్లగా పెంచండి. ఫిల్టర్‌లో కార్బన్ ఉంటే తీసేయండి, అది మందును పీల్చేస్తుంది. అమ్మోనియాను కట్టేసే ద్రావణాలను కాపర్‌తో కలపవద్దు, వాటిలో కొన్ని కాపర్‌ను మరింత విషపూరితం చేస్తాయి. ఆవిరైన నీటికి మంచినీళ్లే పోయండి, నీళ్లు మార్చేటప్పుడు మాత్రం కొత్త నీటిలో అదే మోతాదు ముందే కలపండి. పెద్ద ట్యాంక్‌లో కాపర్ ఎందుకు వద్దన్నానో కూడా చెప్పాలి. నత్తలు, రొయ్యలు, పగడాలు చచ్చిపోతాయి. రాళ్లు, ఇసుక మందును పీల్చుకుని మోతాదును నిలవనివ్వవు, ఆ తర్వాత ఎప్పుడో వదలొచ్చు.

నీటి సాంద్రత (స్పెసిఫిక్ గ్రావిటీ) 1.009కి వచ్చేలా ఉప్పును తగ్గించే హైపోసాలినిటీ కూడా ఒక దారే. నెల రోజులు అలా ఉంచితే ఇక్‌కు, ఫ్లూక్స్‌కు పనిచేస్తుంది, వెల్వెట్‌కు చేయదు. 1.011 అయినా సరిపోదు కాబట్టి సరిచూసిన రిఫ్రాక్టోమీటర్ (ఉప్పును కొలిచే పరికరం) తప్పనిసరి. నేను ఈ మధ్య దీన్ని తక్కువగా వాడుతున్నాను, ఎందుకంటే ఉప్పు తక్కువకు కూడా తట్టుకునే ఇక్ రకాలున్నాయి.

చికిత్స తొట్టిలో చేపలు జబ్బుతో కంటే అమ్మోనియాతో ఎక్కువ చచ్చిపోవడం చూశాను. అక్కడ రాళ్లు లేవు, బాక్టీరియా లేదు, చేపలు మాత్రం తింటూ విసర్జిస్తూనే ఉంటాయి. తొట్టి గోడకు అంటించే అమ్మోనియా సూచిక ఒకటి పెట్టుకుని రోజూ రెండుసార్లు చూడండి. మార్పిడి పద్ధతిలో ఉన్నప్పుడు కొద్దికొద్దిగా మేత వేయండి, తినగా మిగిలింది వెంటనే పైపుతో లాగేయండి. ఆ పద్ధతిలో మీ పెద్ద ట్యాంక్ సంప్ (ఫిల్టర్ తొట్టి)లోని స్పాంజ్‌ను తెచ్చి టబ్బులో పెట్టకూడదు, దాని మీద పెంకులు ఉండొచ్చు. ఈ రోజే ఒక కొత్త స్పాంజ్ ఫిల్టర్‌ను వేరే బకెట్‌లో, సీసా బాక్టీరియాతో, చిటికెడు మేతతో నడిపించడం మొదలుపెట్టండి. పన్నెండు రోజుల తర్వాత చేపలు మిగతా తొమ్మిది వారాలు ఉండబోయే తొట్టికి అదే ఆధారం. అమ్మోనియా కొలిచి, తగ్గుతోందని చూశాకే దాన్ని నమ్మండి.

వెల్లుల్లి గురించి: మేత రుచి పెరిగి చేప తినొచ్చు, అంతవరకే. పరాన్నజీవిని అది చంపదు. క్లీనర్ రొయ్య చర్మం కింద ఉన్నదాన్ని తీయలేదు. పగడాలకు హాని లేదని రాసి అమ్మే మందులను నేను మూడింటిని వాడి చూశాను. చుక్కలు దిగిపోయే సమయానికి వేస్తే పనిచేసినట్టు కనిపిస్తాయి, తర్వాతి విడత ఆగదు. యూవీ స్టెరిలైజర్ ఈదే పిల్లల్లో తన గుండా వెళ్లినవాటిని చంపుతుంది, భారం తగ్గిస్తుంది, కానీ రాతి పక్కనే పుట్టి పక్కనే నిద్రపోతున్న చేపను పట్టే వాటిని ఆపలేదు. మంచి మేత, నిలకడైన నీరు ఇచ్చి చేపల రోగనిరోధక శక్తితో నెట్టుకొచ్చేవాళ్లూ ఉన్నారు. బతికి బయటపడ్డ చేపకు కొన్ని నెలల పాటు కొంత రక్షణ ఉండే మాట నిజమే. అయితే పౌడర్ బ్లూ టాంగ్ ఉన్న ఇంట్లో ఆ దారిని నేను సూచించను. ఇక్‌కు ఇంత త్వరగా లొంగే చేప ఇంకొకటి నాకు తెలియదు.

గ్రామాను పట్టుకోవడం గురించి అడిగారు. నీళ్లలో వల తిప్పితే మూడు గంటలైనా దొరకదు. ముందు శుభ్రమైన డ్రమ్ముల్లోకి సగానికి పైగా నీళ్లు తోడేయండి, అవే నీళ్లు తిరిగి పోయొచ్చు. అది దూరిన రాయిని చూసి పెట్టుకుని, ఆ రాయిని మెల్లగా ఎత్తి ఒక టబ్బు పైన పట్టుకోండి. కొన్ని క్షణాల్లో అదే జారి కింద పడుతుంది.

ఖాళీగా ఉన్న రోజుల్లో పెద్ద ట్యాంక్‌ను పాడుబెట్టవద్దు. రెండు రోజులకోసారి చిటికెడు మేత వేస్తే రొయ్యలకూ బాక్టీరియాకూ సరిపోతుంది. నీటిని 27 డిగ్రీల దగ్గర ఉంచండి. లెక్క చివరి చేప బయటికి వచ్చిన రోజునుంచి. ఈ మధ్యలో కొత్త నత్త, కొత్త పగడం కూడా వేయవద్దు. నత్త పెంకు మీద, పగడం కింది రాతి ముక్క మీద పరాన్నజీవి పెంకులు అంటుకుని రావొచ్చు. నా రెండో ట్యాంక్‌కు ఇక్ అలాగే వచ్చింది, చేప వల్ల కాదు, ఒక గుప్పెడు నత్తల వల్ల. ఇప్పుడు నా ఇంట్లో ఏ పగడమైనా, నత్త అయినా చేపలు లేని చిన్న తొట్టిలో అదే 76 రోజులు గడిపాకే లోపలికి వెళ్తుంది. చేప అయితే నెల రోజుల క్వారంటైన్. ఆ తొట్టికి వేరే వల, వేరే పైపు, వేరే తువ్వాలు. పెద్ద ట్యాంక్‌కు కనీసం మూడు మీటర్ల దూరంలో పెడతాను, ఎందుకంటే బుడగలు చిట్లినప్పుడు ఎగిరే తుంపర్లతో వెల్వెట్ పాకుతుందని ప్రయోగాల్లో తేలింది.

76 రోజులు నిండాక ఒక వారం ఆగి, చేపలు మామూలుగా తింటున్నాయో, ఊపిరి నిదానంగా ఉందో చూసి తిరిగి వేయండి. ముందు గ్రామా, మరుసటి రోజు క్లౌన్‌లు. టాంగ్‌ను ఇంకో వారం ఆపి చివర్లో వదలండి. ముందుగా వెళ్తే ట్యాంక్ మొత్తం తనదే అనుకుని, తర్వాత వచ్చినవాటిని మూలలకు తరిమేస్తుంది.